పన్నెండో ప్రశ్న

"మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరండీ, సున్నా వేసుకోండి" అని మా ఆయన హాల్లోంచి అనడం, అడుగంటిన గిన్నె తోముతూ విన్నాను.

సర్వే ఆవిడ అడిగింది పన్నెండో ప్రశ్న. ఈ ఇంట్లో ఉంటున్నవారిలో విడిగా నివాసం అవసరమైనవారు ఎవరైనా ఉన్నారా? ఆ వాక్యం నాదని ఆవిడకి తెలియదు. వచ్చే పదేళ్లలో ఊరికి ఎన్ని ఇళ్లు కావాలో, ఎవరికి కావాలో తేల్చడం మున్సిపల్ ఆఫీసులో నా పని. ఆ ప్రశ్న చూసి మా అధికారి, కాపురాలు కూల్చేలా ఉందేమ్మా అని నవ్వారు. పెళ్లయిన కొడుకులు, ఇరుకులో సర్దుకుంటున్న అద్దెవాళ్లు అంటూ ఏవో ఉదాహరణలు చెప్పి ఒప్పించాను. అది నా గురించి కాదని అప్పుడు ఒట్టు వేసి చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు చెప్పలేను.

ఇరుకుని నిర్వచించిందీ నేనే. తలుపు వేసుకునే చోటు లేని ప్రతి వయోజనుడూ ఇరుకులో ఉన్నట్టే లెక్క. ఈ ఇంట్లో గదులు మూడు. ఒకటి అత్తయ్యది, ఒకటి పెళ్లికాని మరిదిది, మూడోది మా ఇద్దరిదని పేరు. అందులో ఆయన బల్ల, ఆయన పుస్తకాలు, ఆయన నిద్ర. ఆఫీసు ఫైళ్లు నేను వంటగట్టు మీద చూసుకుంటాను. "నీకు వేరే గదెందుకే, ఇల్లంతా నీదేగా" అంటారు అత్తయ్య. నిజమే, పద్ధెనిమిదేళ్లుగా ఊడవడానికి ఇల్లంతా నాదే. ఒకసారి గడియ పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చుంటే, ఒంట్లో బాగాలేదా అని ముగ్గురూ వంతులవారీగా తలుపు తట్టారు. బాగానే ఉందంటే ఎవరూ నమ్మలేదు.

హాల్లో సర్వే ఆవిడ ఫారం మూయలేదు. పెద్దవాళ్లని ఎవరికి వారినే అడగాలనీ, ఒకరి జవాబు ఇంకొకరు చెబితే చెల్లదనీ మెల్లగా అంది. ఆ నిబంధన కూడా నాదే.

ఆయన నవ్వారు. "మా ఆవిడ ఊరందరికీ ఇళ్లు చూపించే మనిషండీ. ఆమెకి ఇల్లు లేకపోవడమేమిటి? అయినా మా ఇద్దరిదీ ఒకటే మాట లెండి."

వంట మధ్యలో దాన్నెందుకు కదపడం అని అత్తయ్య వంత పాడారు.

ఒకటే మాట. అందులో అబద్ధం లేదు. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఆయన నోటినుంచే వచ్చింది.

సర్వే ఆవిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి, నా వాక్యాన్ని నాకే చదివి వినిపించింది. ఆవిడ గొంతులో అలసట. ఈపాటికి నలభై ఇళ్లు తిరిగి ఉంటుంది. నలభై వంటిళ్లలోంచి నలభైమంది "లేదమ్మా" అని ఉంటారు. ఆ సున్నాలన్నీ రేపు నా బల్ల మీదికే వస్తాయి. వాటిని కూడి, ఈ ఊళ్లో ఒంటరి ఆడమనిషికి ఇల్లు అక్కర్లేదని నేనే సంతకం పెట్టాలి.

చేతులు తుడుచుకున్నాను.

"ఉన్నారు. ఒకరు" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, కలం తర్వాతి గడి మీదికి జరిపింది.

"ఇంటి యజమానికి ఏమవుతారు?"

"ఆ గడి ఖాళీగా వదిలేయండి."