ఇంటికొచ్చే ఓటు

సీతారత్నం చేతి చీపురు లేని ఇల్లు వాళ్ల చుట్టాల్లో ఒక్కటీ లేదు. తోటలో రాలిన కొబ్బరాకులు తెచ్చి ముందు పడేస్తే చాలు, చూపు లేకపోయినా ఆవిడ వేళ్లు ఈనెల్ని చకచకా చీల్చి పక్కన పెట్టేవి. అలాంటి మనిషి ఎన్నికలు నెలరోజులున్నాయనగా పని మానేసి, రెండు పూటలా వేలికొసలకి కొబ్బరినూనె రాసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. "వేళ్లు కోసుకుపోయేయొదినా" అని భవానీదేవికి అబద్ధం చెప్పింది. నలభై ఆరేళ్లలో ఆవిడ ఆడిన అబద్ధాలు ఒక చేతి వేళ్లకి మించవు.

అసలు సంగతి ఏమిటంటే, అల్లవరంలో ఓటు యంత్రం ఎలా వాడాలో చూపిస్తుంటే, ఊళ్లో ఓటర్ల జాబితా చూసే రేవతి ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని మీటల మీద పెట్టింది. ప్రతి మీట పక్కనా బ్రెయిలీ చుక్కల్లో అంకె ఉంది. చిన్నప్పుడు అంధుల బడిలో చదివిన చుక్కలే. ఒకటి తెలిసింది, రెండు తెలిసింది. ఆ తరవాతవి ఈనెలు చీల్చి చీల్చి మొద్దుబారిన వేలికి అందలేదు.

"ఫరవాలేదండి రత్నంగారూ, సాధన చేస్తే వచ్చేత్తాయి. పోటీ చేసేవాళ్ల పేర్లు వరసగా బ్రెయిలీ కాయితం మీద కూడా ఇస్తారు. మీ ఓటు మీరే వేసుకోవచ్చు, పక్కన ఎవరూ ఉండక్కర్లేదు" అంది రేవతి. ఆ ఆఖరి మాటకి సీతారత్నం ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఎందుకంటే ఇంతవరకు తన ఓటు తను వేసిందే లేదు. అన్నగారు కాశీవిశ్వనాథం తోడు వెళ్లి నొక్కేవాడు. క్రితంసారి ఆయన చెవిలో ఒక పేరు చెప్పింది. "ఆయ్, నొక్కేనమ్మా" అన్నాడు. బయటికొచ్చి పది అడుగులు వేశాడో లేదో, ఫోన్లో ఎవరికో "మా ఇంట్లో మూడూ మనకేనండి, అనుమానం పెట్టుకోకండి" అని చెప్పాడు. అన్నది, వదినది పోగా ఆ మూడో ఓటు తనదే. తను చెప్పిన పేరు వాళ్ల పార్టీది కాదు. చూపు లేదు గాని ఆవిడకి చెవులున్నాయి కదా! అయినా ఐదేళ్లు ఆ మాట కడుపులోనే పెట్టుకుంది. అన్నం పెడుతున్న అన్నని నిలదీయడానికి నోరు రాలేదు.

కాశీవిశ్వనాథం చెడ్డవాడని నేననను. చెల్లెలికి జ్వరమొస్తే మంచం దగ్గర్నించి కదిలేవాడు కాదు. కూడు అందించినట్టే ఆలోచన కూడా తనే అందించాలనుకునేవాడు, అదీ ఆయన జబ్బు. ఇంటికి ఏ కాయితం వచ్చినా చెల్లెలి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కించేవాడు. ఎప్పుడో ఒకసారి "ఏం కాయితం అన్నయ్యా?" అంటే ఆ పూట అలిగి భోజనం చెయ్యలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు.

అందుకే "ఈసారి నాతో లోపలికి రానక్కర్లేదన్నయ్యా, నేనే వేసుకుంటాను" అనడానికి వారం రోజులు ధైర్యం కూడగట్టుకుంది. ఆయన "ఆయ్, అలాగే కానీయమ్మా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. మర్నాడు పింఛను కాయితమంటూ బొటనవేలు అడిగితే సంతోషంగా ఇచ్చింది. ఆ తరవాత రెండు వారాలకి "ఎప్పుడూ ఇంట్లోనే ఉంటావు, నాలుగు రోజులు గాలి మారుతుంది" అని ఐ.పోలవరంలో పిన్నిగారింట్లో దింపి వచ్చాడు. అక్కడ కూడా చాప మీద బియ్యపుగింజలు చుక్కల్లా పేర్చుకుని అంకెలు తడుముకుంది. తిరిగొచ్చేసరికి అన్నీ వేలికి వచ్చేశాయి.

పోలింగ్ రోజు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, అన్నగారి బండి మీద బడి దగ్గర దిగింది. వరసలో వాళ్లు "మీరు ముందుకెళ్లండమ్మా" అని దారిచ్చారు. కొత్తగా ర్యాంపు కట్టారు, చక్రాల కుర్చీ కూడా తెచ్చిపెట్టారు. ఏర్పాట్లకేమీ లోటు లేదు. లోపల జాబితా చూసేవాడు పేజీ తిప్పి ఆగిపోయాడు.

"ఇంటి దగ్గరే ఓటేస్తానని దరఖాస్తు పెట్టుకున్నారమ్మా మీరు. మీ పేరు దగ్గర గుర్తు పెట్టి ఉంది. ఇంకిక్కడ వెయ్యడానికి లేదు."

"నేనేం పెట్టుకోలేదండీ."

ప్రిసైడింగ్ అధికారి రేవతిని పిలిపించాడు. రేవతి వచ్చి జాబితా చూసింది. "మీ అన్నయ్యగారు తెచ్చిచ్చేరండి, మీ వేలిముద్ర ఉంది. ఎండకి జడిసి మీరే మనసు మార్చుకున్నారనుకున్నాను. ఓటు వేయించుకునే అధికార్లు రెండుసార్లు మీ ఇంటికొచ్చేరండి, మీరు ఊళ్లో లేరు. ఏ రోజు వస్తారో ముందే మీ అన్నయ్యగారికి చెప్పేం."

"నన్నొక్క మాట అడక్కపోయేవా అమ్మా?"

గుడ్డిమనిషి కాయితం గురించి ఆ మనిషిని తప్ప అందర్నీ అడుగుతాం మనం.

గాలి మార్పు ఎందుకో అప్పుడు అర్థమైంది సీతారత్నానికి. తను వేరేవాళ్లకి వేస్తే పార్టీవాళ్ల ముందు అన్నగారి మాట పోతుంది. అందుకని అసలు ఓటే లేకుండా చేశాడు. వెనకే వరసలో వచ్చి, తన ఓటు తాను వేసుకున్న కాశీవిశ్వనాథం "పదమ్మా, ఏదో పొరపాటయ్యింది, వచ్చేసారి చూద్దాం" అన్నాడు.

ఆవిడ అధికారి వైపు తిరిగింది. "ఒక్కసారి ఆ మీటలు ముట్టుకోనివ్వండి. నొక్కను."

"కుదరదమ్మా."

"పోనీ, వచ్చేననీ, వెయ్యనివ్వలేదనీ ఎక్కడన్నా రాయండి."

"దానికి కాయితమేం లేదమ్మా" అన్నాడాయన, మర్యాదగానే.

ఎవరికి వెయ్యాలనుకుందో నెలరోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఓటే లేకుండా పోయాక ఇంకేం దాచుకోవాలి? సీతారత్నం గది మధ్యలో నిలబడి, ఏజెంట్లకీ వరసలో వాళ్లకీ వినబడేటట్టు గొంతెత్తింది. "నా ఓటు ఐదో నంబరుకి! మా అన్నయ్య చెప్పింది కాదు, నేననుకున్నది. ఐదు!"

"బూత్‌లో ప్రచారం చేస్తే కేసవుద్దమ్మా, నడవండి బయటికి" అంటూ కానిస్టేబులమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం బయట వదిలేసింది. ఏజెంట్ల ముందు తల కొట్టేసినట్టయిన కాశీవిశ్వనాథం "నా పరువు తీసేవు కదే! ఇంక ఇంటికెలా వస్తావో రా" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఆవిడకి వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే ఆగేవాడే, ఆవిడ కేక వెయ్యలేదు.

"ఓటేసేవామ్మా?" అని వరసలోంచి ఒక ముసలావిడ అడిగింది.

"లేదండి" అంది సీతారత్నం. బడి గోడ చేతికి తగిలింది. గోడ ఉన్నంత మేరా దాన్ని పట్టుకుని నడిచింది. గోడ అయిపోయాక, ఇల్లు ఎటువైపో తెలియక, ఆ ఎండలో అలాగే నిలబడిపోయింది.