పందిరి వెదుళ్ళ నిచ్చెన

సూర్యారావు టీ ఊదుకుంటూ తెరమీద వరసలు కిందికి జరిపాడు. ఒక్కో ఊరి తీగకు ఒక్కో వరస. ఒక గడిలో ఆ తీగమీద ఎంత ట్రాఫిక్ నడుస్తోందో, పక్క గడిలో దారిలో ఎంత చెడిపోతోందో కనిపిస్తుంది. శ్రీకాకుళంలోని ఆ కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో వాటిని కనిపెట్టుకుని ఉండడం, చెడితే వెళ్ళి బాగుచెయ్యడం ఆయన పని. ఉద్యోగంలో ఇవాళే ఆఖరు రోజు. అన్ని ఊళ్ళ ఎర్రర్ల అంకెలూ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కళింగపట్నానిది మాత్రం ఎండతోపాటు ఎక్కుతోంది.

“సాయంత్రానికి ఆగకపోతే ఆ లైను పీకేద్దాం బాబాయ్. ఉన్నదే గుప్పెడు కనెక్షన్లు,” అన్నాడు యజమాని ధర్మేంద్ర.

ఆ గుప్పెడు ఇళ్ళూ సూర్యారావుకి తెలుసు. గుజరాత్ రేవులకు వేటకెళ్ళిన మగాళ్ళ ముఖాలు ఆ తీగలోంచే ఇంటికొస్తాయి. పొద్దున్నపూట వెళ్ళి చూసినప్పుడల్లా అంతా బాగానే ఉంది. ఆయన పాత గ్రాఫులు తిరగేశాడు. మబ్బు పట్టిన రోజుల్లో ఒక్క ఎర్రరూ లేదు. వానకు చెడే తీగల్ని చూశాడు గానీ, ఎండకు చెడేదాన్ని ఎప్పుడూ చూడలేదు.

“మిట్టమధ్యాన్నమే ఎల్లాల. నువ్వా అంకె సూస్తుండమ్మా,” అని రేపట్నుంచి తన పని చూడబోయే, పక్క కుర్చీలోని బిందుకి చెప్పి, బండికి నిచ్చెన కట్టుకున్నాడు.

తాయారుతో పెళ్ళయ్యాక విప్పిన పందిరి వెదుళ్ళతో తనే చేసుకున్న నిచ్చెన అది. మెట్లు అరిగితే మార్చాడు గానీ, పొడుగు బొంగులు రెండూ అవే. పొద్దున్న క్యారియర్ సర్దుతూ తాయారు, “రేపట్నుంచి నా సవితిని ఇంట్లో ఎక్కడెడతావో సూస్తాను,” అంది. దారి పొడుగునా అదే గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

కళింగపట్నంలో కూర్మమ్మ పెరటి మీదుగా పోయే నల్లతీగ విల్లులా వంగి ఉంది. ఉప్పు పట్టించిన చేపలు, తోకలు ముడేసి, జంటలు జంటలుగా దానికి వేలాడుతున్నాయి.

“ఏటమ్మా ఇది?”

“ఇసకలో ఏస్తే కుక్కలు ఒగ్గట్నేదు బాబూ. మీ తీగ గట్టిగా ఉన్నాది,” అంది కూర్మమ్మ. ఆ వెంటనే తగువుకి దిగింది. “మా మావ పడవ దిగి మధ్యాన్నం ఫోన్ సేస్తాడు. బొమ్మ ముక్కలు ముక్కలైపోతాది. మీకు సిగ్గు నేదా?”

“నీ మావని ముక్కలు సేస్తన్నది నీ సేపలేనమ్మా.”

నమ్మకపోయినా చేపలన్నీ తీసి బుట్టలో వేసింది. ఆయన నిచ్చెనెక్కి, బరువుకి స్తంభం దగ్గర నలిగిన మలుపు సరిచేశాడు. బిందు ఫోన్ చేసింది. “బాబాయ్, ఆగింది. కదలట్నేదు.”

కాసేపటికి కూర్మమ్మ ఫోనూ మోగింది. తెరమీద ఆమె మావ పోతురాజు ముఖం మీసంతో సహా నిండుగా వచ్చింది. “ఒసే, నల్లబడిపోనావేటే?” అన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. సూర్యారావు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఫోన్ పెట్టేశాక కూర్మమ్మ బుట్టవైపు, తీగవైపు చూసింది. “మరివి ఎక్కడ ఆరబెట్టాల?”

ఆయన ఆలోచించి, నిచ్చెన దించి రెండు నీలం డ్రమ్ముల మీద అడ్డంగా పెట్టాడు.

“మరి నీకో బాబూ?”

“రేపట్నుంచి నానెక్కేది నేదమ్మా.”

ఆఫీసు తెరమీద సాయంత్రం దాకా ఆ అంకె కదల్లేదు. ధర్మేంద్ర వంగి చూసి, “ఉండనీ,” అన్నాడు. సూర్యారావు తువ్వాలు దులుపుకుని, బిందుకి తన కుర్చీ చూపించి బయటికి నడిచాడు.

ఇంటి గుమ్మంలో తాయారు ఖాళీ బండిని చూసింది. “నా సవితేది?”

“కళింగపట్నంలో కాపురం ఎట్టింది.”

మర్నాడు ఎండెక్కేసరికి సముద్రపు గాలికి, ఆ పందిరి వెదుళ్ళ మధ్య, మెట్టుకో జత చొప్పున చేపలు ఊగుతున్నాయి.