అదనపు ప్రతులు

"ఒక్క మీట నొక్కానంతే! అరవై వేల పుస్తకాలున్న మా జాబితా ఒక పక్క, మీ జాబితా ఇంకో పక్క. టీ తాగి వచ్చేసరికి రెండూ కలిసి కూర్చున్నాయి," అని మా ఆడపడుచుకు గొప్పలు చెబుతున్నాను. సెలవు రోజు మధ్యాహ్నం. ఆమె మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, బస్టాండు దగ్గర కొన్న వేరుశనగల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఒక్కో గింజే నోట్లో వేసుకుంటోంది.

"పెళ్లిళ్లు కూడా అంత తేలిగ్గా అయిపోతే ఎంత బాగుండేది వదినా! మా అన్నకు నిన్ను కుదర్చడానికి అమ్మకి చెప్పులరిగిపోయాయి."

"అరిగితే అరిగాయి, బంగారంలాంటి కోడలు దొరికింది కదా!"

"దొరికింది అనాలా, తప్పలేదు అనాలా?" అని నవ్వింది.

దాని నోటికి అడ్డూ ఆపూ లేదు. పుట్టుకతోనే చూపు లేదు, ఆ లోటంతా నోటితో తీర్చుకుంటుంది. మా పిల్లలు చుక్కలత్త అంటారు. ఒక అద్దె హాల్లో చూపులేని వాళ్ల కోసం గ్రంథాలయం నడిపేది. అందులో సగానికి పైగా పుస్తకాలు ఆమె చేతి మీదుగా తయారైనవే. ఎవరైనా పైకి చదువుతుంటే, ఆరు మీటల మిషన్ మీద టకటకా కొడుతుంది. మందపాటి కాగితం మీద చుక్కలు లేస్తాయి. మామూలు నవల ఒకటి బ్రెయిలీలోకి ఎక్కేసరికి ఆరేడు సంపుటాలవుతుంది. బతికున్నన్నాళ్లూ ఎక్కువగా చదివిపెట్టింది మా అత్తగారు. రోజూ సాయంత్రం తల్లీకూతుళ్లు మా ఇంట్లోనే మిషన్ ముందు చేరితే నా వంటకు సాయం చేసే దిక్కుండేది కాదు.

హాలు యజమాని ఖాళీ చేయమన్నాక, నేను పనిచేసే గ్రంథాలయంలోనే వాళ్లకు ఒక గదిచ్చారు. గదికి రంగు ఆరాలి కదా అని, పుస్తకానికొకటి చొప్పున నంబరేసిన పెట్టెలను విప్పకుండా నేలమాళిగలో పెట్టించారు. వాళ్ల పుస్తకాలను మా కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది. దానికో చిన్న సాఫ్ట్‌వేరుంది, డబ్బు కట్టనక్కర్లేదు. మొదటి ఫైలేది, రెండో ఫైలేది, రెండూ ఒకే పుస్తకమని దేన్నిబట్టి గుర్తుపట్టాలి అని అడుగుతుంది. అట్ట వెనక గీతల కింద ఉంటుందే, ఆ నంబరు చూడమన్నాను. నంబరు కలిస్తే అదే పుస్తకానికి ఇంకో ప్రతి, కలవకపోతే కొత్త పుస్తకం. నల్లేరు మీద బండి నడక.

"ఒక్కటి మిగలకుండా కలిసిపోయాయి తెలుసా! మీ పుస్తకాలన్నీ మా దగ్గరా ఉన్నాయి," అన్నాను పాలగిన్నె మీద ఒక కన్నేసి.

ఆమె ఖాళీ అయిన పొట్లాన్ని ఉండ చుట్టబోయి ఆగిపోయింది. కాగితాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. చూపుడువేలు ఎడమ నుంచి కుడికి కదిలింది. మళ్లీ వెనక్కొచ్చింది.

"'దీపం ఆర్పిందెవరో చెప్పగల మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను నిన్న...' ఇక్కడ చిరిగిపోయింది," అంది.

"ఏంటే అది?"

"ఆరో సంపుటం. వదినా, ఇది నా పుస్తకం."

"నీ పుస్తకం వేరుశనగల కొట్టుకెందుకొస్తుందే? ఇంకెవరిదో అయ్యుంటుంది."

"నా మిషన్లో మూడో మీట మెత్తగా పడుతుంది. ఆ చుక్క ఎప్పుడూ పూర్తిగా పైకి లేవదు. నా చేతి పని నాకు తెలియదా?"

పాలు పొంగి స్టవ్వంతా పారాయి. నేను కదల్లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకంటే పోయిన వారం డైరెక్టరుగారు, చోటు చాలడం లేదు, ఒకే పుస్తకానికి అదనపు ప్రతులుండి, వాటిని ఎవరూ ఒక్కసారైనా తీసుకెళ్లి ఉండకపోతే తీయించేయమన్నారు. కలిపిన ఫైల్లోంచి ఆ లిస్టు లాగి ఇచ్చింది నేనే. చిటికెలో ఇచ్చానని మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా.

"ఆగు, ఆగు. మీ జాబితాలో నంబరు ఏది వేశారు?"

"ఏ పుస్తకం చూసి కొట్టానో దాని నంబరే. నేను కొట్టినదానికి వేరే నంబరెవరిస్తారు?"

"బ్రెయిలీ అని ఎక్కడైనా రాశారా?"

"మా దగ్గరున్నవన్నీ అవే కదా వదినా! చేపల బుట్ట మీద చేపలని రాసిపెడతారా ఎవరైనా?"

"ఎవరికిచ్చావో ఆ వివరాలు?"

"అవన్నీ నా బుర్రలోనే ఉంటాయి. ఏమైంది? ఏడుస్తున్నావా?"

సాఫ్ట్‌వేరుది తప్పని ఎలా అంటాను? అది నంబరు చూసింది, నంబరు కలిసింది. అవి అచ్చు పుస్తకాలు కావని నాకు తెలుసు, దానికి తెలియదు. చెప్పాల్సింది నేను. ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆ మిషన్ చప్పుడు వింటూ అన్నం వండినదాన్ని, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి బ్రెయిలీ అని ఒక్క గడి నింపాలని తోచలేదు. నా బుర్రకు పట్టిన తెగులేమిటో ఆ దేవుడికే తెలియాలి.

నేను మా ఆయన స్కూటర్ తాళం తీసుకుని గ్రంథాలయానికి బయల్దేరితే, ఆమె నా వెనకెక్కి కూర్చుంది. వద్దన్నా వినలేదు.  మేమిద్దరం మాట్లాడకుండా ఒక వీధి దాటడం అదే మొదటిసారి.

వాచ్‌మన్ నేలమాళిగ తాళం తీశాడు. గచ్చు మీద పెట్టెలున్నంత మేర మాత్రం దుమ్ము లేదు.

"ఆ పెట్టెలా? మొన్ననే లారీ ఎక్కించేశారు కదమ్మా. మీరిచ్చిన లిస్టు చూసే ఇచ్చాం."

"తెరిచి చూడలేదా?"

"పెట్టె మీద నంబరుంది, లిస్టులో నంబరుంది. ఇంకెందుకు తెరవడం?"

అదే పని నేనూ చేశాను. అతన్ని ఏమని తిట్టను?

మా ఆడపడుచు రెండు చేతులూ ముందుకు చాచి గది ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. గోడ తగిలింది. గోడ వెంటే తడుముకుంటూ మళ్లీ నా దగ్గరికొచ్చింది.

"ఇది వేరే గదేమో వదినా. ఇంకోసారి అడుగు."

కాదని తల ఊపాను. తల ఊపితే ఆమెకు కనబడదన్న ఇంగితం కూడా ఆ క్షణాన నాకు లేకపోయింది.

ఆ పెట్టెలు చేరిన పాతకాగితాల కొట్టు నది వంతెన అవతల ఉంది. కొట్టతను మంచివాడే, మమ్మల్ని చూసి బెంబేలెత్తాడు.

"మందం కాగితం కదమ్మా, పొట్లాలవాళ్లు ఎగబడి తీసుకెళ్లారు. గరుకుగా ఉందని ముందు నేనే వంక పెట్టాను. మిగతాది మిల్లుకు పోయింది. ఈపాటికి గుజ్జయిపోయుంటుంది. ఇదిగో, కోసిన ముక్కలు ఒక సంచి ఉన్నాయి," అని గోనెసంచి మా ముందు పెట్టాడు.

ఆమె నేల మీద చతికిలబడి సంచిలో చెయ్యి పెట్టింది. ఒక్కో ముక్కా తీసి, వేలితో తడిమి, పక్కన పెట్టసాగింది.

"ఇది భూగోళం. ఇది పసిపిల్లల పెంపకం. ఇది మళ్లీ భూగోళమే. ఇది అమ్మ చదివింది."

"అదెలా తెలిసిందే?"

"ఇక్కడ అమ్మకు దగ్గొచ్చింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేసరికి ఒక వరుస ఖాళీగా వదిలేశాను. 'దగ్గుకో వరుసా! కాగితం దండగ' అని తిట్టింది."

ఆమె కంట నీరు లేదు. నేనే రోడ్డు మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మా అత్తగారు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. కొట్టతను స్టూలు తెచ్చి వేశాడు, మంచినీళ్లిచ్చాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. బస్సు నడిపి రిటైరైన డ్రైవరుగారట. చూపు పోయాక ఆమె దగ్గరే బ్రెయిలీ నేర్చుకున్నారట. గొంతు నాకూ వినబడుతోంది.

"అమ్మా, ఐదో సంపుటం అయిపోయింది. కొత్త గది తెరిచేదెప్పుడు? ఆ దీపం ఆర్పిన వెధవెవడో తేలక నిద్ర పట్టడం లేదు."

నేను స్టూలు మీద నుంచి ఎగిరి లేచాను. "ఐదో సంపుటం ఆయన దగ్గరుందా? అంటే జనం తీసుకెళ్లినవి బతికే ఉన్నాయన్నమాట! ఎందరికిచ్చావు? ఎన్నిచ్చావు?"

ఆమె ముఖంలోకి రంగొచ్చింది. పెదాలు కదిలిస్తూ లోపల్లోపలే లెక్కేసుకుంది. "చాలానే ఉంటాయి. మనవాళ్లెవరూ గడువులోగా తిరిగివ్వరు కదా," అంది.

మర్నాడు డైరెక్టరుగారి గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్లాను. విషయం విని ఆయన కంప్యూటర్ వైపు తిరిగారు.

"సిస్టంలో చూస్తే అన్ని పేర్లూ ఉన్నాయి కదా మేడమ్?"

"సిస్టంలో ఉన్నాయి సార్. భూమ్మీద లేవు."

అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కళ్లజోడు తీసి, ఆ లిస్టు మీద తన సంతకం కూడా ఉందని ఒప్పుకున్నారు. సాయంత్రానికల్లా పైవాళ్లతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశారు. బ్రెయిలీ అచ్చువేసే యంత్రం కొంటారు. జనం దగ్గరున్న సంపుటాలన్నీ వెనక్కి తెప్పించి, కంప్యూటర్లో ఎక్కించి, ఒక్కోదానికి రెండేసి నకళ్లు తీయిస్తారు. ఈసారి ప్రతి రికార్డులో బ్రెయిలీ అని రాసే పూచీ నాది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి కూడా వెళ్లకుండా, పెన్నూ కాగితం పట్టుకుని నేరుగా ఆడపడుచు ఇంటికి పరుగెత్తాను.

అంతా ఓపిగ్గా వింది. టీ పెట్టి ఇచ్చింది. చక్కెర కూడా నా లెక్కకే వేసింది.

"ఇక చెప్పు. ముందు డ్రైవరుగారు. తర్వాత ఎవరెవరు?" అన్నాను.

"చెప్పను వదినా."

ఆటపట్టిస్తోందనుకున్నాను. "నీ సరసాలు తర్వాత. టైమవుతోంది, చెప్పు."

"సరసం కాదు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో అన్నీ గుర్తున్నాయి. నీకు మాత్రం చెప్పను."

"నకలు తీసి ఇచ్చేస్తామే! కోపముంటే తిట్టు. నాలుగు కాదు, నలభై తిట్టు. పడతాను. నేను పరాయిదాన్నా?"

"కోపం ఉంది. అది నాలుగు రోజులకు పోతుంది. నాకు నువ్వంటే భయమేస్తోంది. నా పక్కనే ఉన్నావు, అమ్మ చదువుతుంటే విన్నావు. నీకే గుర్తు రాలేదంటే ఇంకెవరికి గుర్తొస్తుంది? ఉన్న ఆ కాసిన్నీ ఎవరి ఇంట్లో వాళ్లకుండనీ."

ఇంతలో ఫోను మోగింది. ఆమె తీసింది.

"చెప్పండి డ్రైవరుగారూ... లేదు, ఆరోది ఇక రాదు. మీ దగ్గరున్నది తిరిగివ్వకండి. ఎవరొచ్చి అడిగినా మా ఇంట్లో లేదనండి." నా వైపు ముఖం తిప్పింది. "మా వదిన వచ్చి అడిగినా సరే."

నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. నా చేతిలో టీ చల్లారిపోతోంది. నేను వింటున్నానని ఆమెకు తెలుసు.