బర్జో కాలెత్తిన కోటు

నా భర్త ల్యుబెన్ పోయిన రోజు మా ఇంటి తలుపు సాయంత్రం దాకా మూయలేదు. రైల్వే వర్క్‌షాపులో పదకొండు గంటలకు కుప్పకూలాడు. పన్నెండున్నరకు ఆసుపత్రి వాళ్ళు నాకు చెప్పారు. మూడింటికల్లా అతని అక్క టింకా వదిన వచ్చి తలుపుకు నల్ల రిబ్బన్ కట్టింది.

వచ్చినవాళ్ళంతా గడప దగ్గర బూట్లు విడిచి, అక్కడి పెట్టెలో దొరికిన ఇంటి చెప్పులు తొడుక్కుని లోపలికి నడిచారు. ల్యుబెన్ చెప్పులు కూడా ఎవరో తొడుక్కున్నారు. ఎవరో నేను చూడలేదు. బర్జో చూసే ఉంటాడు.

బర్జో మా వేటకుక్క. ఆరేళ్ళవాడు. ఆరేళ్ళలో ఇంట్లో ఒక్క చుక్క పోసి ఎరుగడు. ఆ సాయంత్రం బూట్ల వరస పొడుగునా వాసన చూసుకుంటూ వెళ్ళి, చివరనున్న గొడుగుల స్టాండుకు కాలెత్తాడు.

"చూశారా, చూశారా!" అంది టింకా వదిన. "మా తమ్ముణ్ణి ఇంకా మట్టిలో కూడా పెట్టలేదు, అప్పుడే ఈ వెధవ ఇంటికి యజమాని అయిపోయాడు."

ఆవిడ భర్త మెటోడి అన్నయ్య తలాడించాడు. "మగదిక్కు లేని ఇల్లని దానికి తెలిసిపోయింది చెల్లెమ్మా. కుక్కలకి ఇట్టే తెలుస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ ఇంటికి నేను దిక్కు కానట్టు, ఆ సంగతి కుక్క కూడా కనిపెట్టేసినట్టు ఉంది ఆ మాట. గుడ్డ తెచ్చి తుడిచాను.

తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చారు. రొట్టె తెచ్చేవారు, వైన్ తెచ్చేవారు, కూర్చుని తల పంకించేవారు. వాళ్ళు వెళ్ళాక బర్జో ఎక్కడో ఒకచోట కాలెత్తేవాడు. సోఫా అంచు, మెటోడి అన్నయ్య కూర్చునే వంటింటి కుర్చీ, మళ్ళీ గొడుగుల స్టాండు. ఎప్పుడూ నాలుగు చుక్కలే.

నేను మా అమ్మ కడిగినట్టే కడిగాను. మా లోవెచ్ ఊళ్ళో ఏ ఇంట్లో తివాచీ వాసన వేసినా బాత్రూము కింది అరలోంచి అమ్మోనియా సీసా బయటికి వస్తుంది. బకెట్టు నీళ్ళలో ఒక గ్లాసెడు కలిపి మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేదాన్ని. ముక్కు మండి కళ్ళలోంచి నీళ్ళు కారేవి. ఆ రోజుల్లో అది సౌకర్యంగానే ఉండేది, ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు.

తొమ్మిదో రోజు భోజనాలయ్యాక టింకా వదిన తీర్పు చెప్పింది.

"నలభయ్యో రోజుకల్లా ఇది మానాలి దఫినా. మానకపోతే మెటోడి వాళ్ళ తమ్ముడు పల్లెకు పట్టుకుపోతాడు. గొర్రెల దొడ్డి దగ్గర గొలుసేసి కట్టేస్తే ఎంత కాలెత్తుకుంటుందో ఎత్తుకోనీ."

"బర్జో ఎక్కడికీ వెళ్ళడు వదినా."

"కాగితాలు ఎవరి పేరు మీదున్నాయో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. బర్జో మెటోడి అన్నయ్య కుక్క పెట్టిన పిల్ల. ల్యుబెన్‌కు ఇచ్చాడు గాని, కాగితాల మీద పేరు మార్చలేదు. ఆరేళ్ళుగా ఎవరికీ ఆ అవసరం రాలేదు.

నేను ఇంకా ఎక్కువ కడిగాను. బర్జో ఇంకా ఎక్కువ కాలెత్తాడు. ముప్పయ్యో రోజున వాణ్ణి పశువుల డాక్టరు యాంకొవా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మూత్రం పరీక్ష చేసి, జబ్బేమీ లేదంది.

"దేంతో కడుగుతున్నారు?"

"అమ్మోనియాతో."

"మీరు బళ్ళో ఏం చెబుతారు టీచర్‌గారూ?"

"రసాయన శాస్త్రం."

డాక్టరమ్మ ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మూత్రంలోని యూరియా విడిపోతే ఏ వాయువు వస్తుందో పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని. వాడు నాలుగు చుక్కలు పోసిన చోట నేను బకెట్టెడు పోశాను. ఏదో తనకన్నా పెద్ద కుక్క వచ్చి సవాలు చేసి పోయిందని వాడనుకుని ఉంటాడు. మళ్ళీ వెళ్ళి జవాబు చెప్పాడు. టింకా వదిన మీద నెల రోజులుగా దాచుకున్న కోపం అక్కడికక్కడే నా మీదికి తిరిగింది.

"యజమాని కావాలనే ఇలా చేస్తున్నాడంటున్నారు," అన్నాను.

"ఎవరన్నారు? వాడికి దిగులు. మనిషి పోయాడు, రోజూ ఇన్నేసి జతల కొత్త బూట్లు వస్తున్నాయి. తన వాసన నాలుగు చోట్ల ఉంటే ఇది తన ఇల్లేనని ధైర్యం. అంతే."

ఎంజైములున్న ద్రావణం ఇచ్చింది. తిట్టొద్దంది, కొట్టొద్దంది. ఇంట్లో ఉన్నంతసేపూ వాడి మెడకున్న పట్టీ కొస నా నడుముకు కట్టుకుని కళ్ళముందే ఉంచుకోమంది. కాలెత్తిన చోట తిండిగిన్నె పెట్టమంది, కుక్క తినే చోట పోయదట. వచ్చేవాళ్ళ బూట్లు, సంచులు పైన పెట్టించమంది. బీజాలు తీయించనా అని అడిగాను. అది కొందరికి పనిచేస్తుందని, ఆరేళ్ళ వయసులో, ఇంట్లో ఇంత జరిగాక, ముందు ఇవి చేసి చూద్దామని అంది.

చేశాను. పది రోజులు ఒక్క చుక్క పడలేదు.

నలభయ్యో రోజున శ్మశానంలో సమాధి మీద వైన్ పోసి, ఉడికించిన గోధుమలు పంచి, అందరం ఇంటికి వచ్చాం. బూట్లు పై అరలో పెట్టమన్నాను.

"ఇంకా నయం, నెత్తిన పెట్టుకోమనలేదు," అంది టింకా వదిన.

మెటోడి అన్నయ్య అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు. ఒంటిమీద ల్యుబెన్ ఆకుపచ్చ వేటకోటు ఉంది. పోయినవాళ్ళ బట్టలు నలభయ్యో రోజున ఇంటివాళ్ళ చేతులతో పంచాలి. ఈయన ఎప్పుడో గరాజులోంచి తీసుకుని, నెల రోజులుగా తొడుక్కుని తిరుగుతున్నాడు. విప్పి, ల్యుబెన్ తగిలించే కొక్కేనికే తగిలించాడు.

గోధుమల పళ్ళెం అందుకోవడానికి నేను నడుముకున్న పట్టీ విప్పాను. అది నా పొరపాటే. బర్జో నేరుగా కోటు దగ్గరికి వెళ్ళాడు. చేతి మడతలో ముక్కు పెట్టి చాలాసేపు కదల్లేదు. తోక మాత్రం ఊగుతోంది. తర్వాత కింది అంచు వాసన చూశాడు. తోక ఆగింది. కాలెత్తాడు.

మెటోడి అన్నయ్య ఒక్క అంగలో వచ్చి మెడ పట్టుకుని వాడి ముక్కును తడిలో అదిమాడు. బర్జో కుయ్యోమన్నాడు.

"వదలండి," అన్నాను.

"నువ్వుండు చెల్లెమ్మా, ఇట్లా నేర్పితేనే..."

"వదలమన్నాను."

తరగతిలో నేనెప్పుడూ గొంతు పెంచను. అప్పుడూ పెంచలేదు. ఆయన వదిలాడు.

"ఆ కోటు మీకెవరిచ్చారు?"

"ఇవాళ ఎటూ పంచేదేగా!" టింకా వదిన అడ్డొచ్చింది. "నెల ముందు తీసుకుంటే కొంప మునిగిందా? నా తమ్ముడి కోటు కాదూ?"

"మీ తమ్ముడి కోటే. పంచాల్సిన చేతులు నావి. ల్యుబెన్ వాసన ఉన్న కోటుకు మీ సిగరెట్లూ, మీ కుక్కా అంటించి తెచ్చి, ఆయన కొక్కేనికే తగిలించారు. వీడు నాలుగు చుక్కలు పోశాడు. అడక్కుండా వచ్చి ఈ ఇంట్లో గుర్తు పెట్టింది వీడొక్కడేనా?"



"ఊరికే వేలాడుతోంది కదా అని..." మెటోడి అన్నయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అది గరాజులో ఎక్కడ వేలాడేదో నాకూ తెలుసు అన్నయ్యా. రోజూ వెళ్ళి చూసేదాన్ని. ఒక రోజు లేదు."

ఆయన తల దించుకున్నాడు. "బర్జో కాగితాలు నీ పేర మార్చి పంపిస్తాలే," అన్నాడు.

"పంపించు, పంపించు! రేపు సోఫా కూడా దాని పేరనే రాసిస్తుంది!" అని టింకా వదిన బూట్లు అందుకుంది. గోధుమల కప్పు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

కాగితాలు ఆ వారంలోనే పోస్టులో వచ్చాయి. కోటును డాక్టరమ్మ ఇచ్చిన ద్రావణంతో రెండుసార్లు ఉతికాను. బర్జో వాసన పోయింది. సిగరెట్ల వాసన పోయింది. ల్యుబెన్ వాసన కూడా పోయింది. ఇప్పుడు బర్జో దాని పక్కనుంచి పట్టించుకోకుండా నడిచిపోతాడు. ఐదు వారాలుగా ఇంట్లో ఎక్కడా కాలెత్తలేదు. పడుకోవడం మాత్రం బట్టల అల్మారా ముందే పడుకుంటున్నాడు.

అల్మారాలోని ల్యుబెన్ బట్టలు నలభయ్యో రోజున పంచాల్సింది. ఇంకా పంచలేదు.