ఐలవ్వ కాళ్ళు చాపలేదు

ఐలవ్వ మడమ పుండు మానడం లేదని వచ్చిన రోజు, ఆమె కార్డు మీద "పాదాల్లో స్పర్శ లేదు" అని రాసింది నేనే. కుష్ఠు కావచ్చని నోరు జారింది కూడా నేనే. దాంతో ఇంట్లో ఆమె కంచం, చాప వేరయ్యాయి. కోడలు దుర్గమ్మ మూడు నెలల పాపను అత్త చేతికివ్వడం మానేసింది.

వారానికి ఐలవ్వ మళ్ళీ మా దవాఖానకు వచ్చింది. ఈసారీ అదే తేలితే కుష్ఠు ఆసుపత్రికి పంపాలి. డాక్టరు జయానందం గారు నన్నే పరీక్ష చేయమని పక్కన నిలబడ్డారు. నాకు చిర్రెత్తింది. పదకొండేళ్ళుగా నర్సుగా చేస్తున్నదాన్ని, దూదితో పాదం తాకడం నాకు నేర్పాలా?

ఐలవ్వ వరండాలో కూర్చున్నట్టే బల్ల మీద కూడా పాదాలు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"కాళ్ళు చాపవ్వా," అన్నాను.

"అయ్యో, సారు ముంగట కాళ్ళు చాపుతరా బిడ్డా?"

పోయినసారీ ఇదే గోల. పెద్దావిడతో వాదనెందుకని అప్పటిలాగే మడిచిన పాదాన్ని కాస్త బయటికి లాగి, కళ్ళు మూయించి దూది ఆనించాను.

"తెలుస్తున్నదా?"

"తెలుస్తలేదు."

నేను కార్డు అందుకున్నాను. సారు మాత్రం ఆమెనే అడిగారు. "ఎంతసేపాయె గిట్ల కూసొని?"

"పొద్దుగాల తూప్రాన్ బస్సు దిగినప్పటి సంది. కాళ్ళు మస్తు తిమ్మిరెక్కినయ్ సారూ."

"గా ముచ్చట నాకెందుకు చెప్పలేదవ్వా?" అని అరిచాను.

"తెలుస్తున్నదా అన్నవ్, తెలుస్తలేదన్న. తిమ్మిరెక్కిందా అని అడిగినవా?"

సారు ఆమెను బోర్లా పడుకోబెట్టించారు. పాదాలు గోడవైపు ఉన్నాయి కాబట్టి ఐలవ్వకు పేచీ లేకపోయింది. తిమ్మిరి వదిలేదాకా ఆగి మళ్ళీ తాకాను. వేలు, మడమ, అరికాలు, అన్నీ సరిగ్గా చెప్పింది. చివరికి "చక్కిలిగిలి పెడుతున్నవేందే!" అని కాలు విదిల్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పుండు ఉత్త పగులే," అన్నారు సారు. "ఇగ నుంచి పేషెంటు ఎట్ల కూసున్నదో గూడ కార్డు మీద రాయి."

కార్డు మీద పాత రాత కొట్టేశాను.

దుర్గమ్మ పాపనెత్తుకుని మెట్ల కింద దూరంగా నిలబడి ఉంది. ఆమెను కడిగేద్దామనే వెళ్ళాను. కానీ భయపెట్టింది నేనాయె. "మీ అత్తకు ఏం లేదు. నేనే తప్పు చూసిన," అన్నాను.

నా వెనకే మెట్లు దిగి వచ్చిన అత్త చేతుల్లో దుర్గమ్మ పాపను పెట్టి, అక్కడే కూలబడి, "నన్ను కొట్టు అత్తా," అని ఏడ్చింది. ఐలవ్వకు ఆ మాట వినిపించనే లేదు. పాప మెడలో ముఖం దాచుకుంది.