పైకా, కిందకా

గేర్‌బాక్సు మళ్లీ పైకెక్కింది. నడుములు పడిపోయాయి గానీ ఎక్కింది. అరిగిపోయిన క్లచ్ ప్లేటు మార్చడానికి తండ్రీ కూతుళ్లు ఆ పాత కారుతో పొద్దుట్నుంచి కుస్తీ పడుతున్నారు. పని కూతురిది, పెత్తనం తండ్రిది. ఆమె కుట్టుమిషన్లు బాగుచేస్తుంది కాబట్టి చేతికి నూనె కొత్త కాదు. కారంటేనే భయం. పెళ్లికి ముందొకసారి, నాన్న చుట్టాలతో కబుర్లలో ఉండగా తనే ఈ కారెక్కి, గేరు పిడి మీది గుర్తు చూసి మొదటి గేరు వేసింది. కారు వెనక్కి దూసుకెళ్లి గేటు కూల్చేసింది. "నీ చేతికి బండి నప్పదే" అన్నాడాయన. చుట్టాలంతా నవ్వారు. ఆ తర్వాత ఆమె స్టీరింగు ముట్టలేదు. ఎక్కడికెళ్లినా బస్సే.

ఇప్పుడు కారు కింద వెల్లకిలా పడుకుని అయోమయంలో ఉంది. గేరు కడ్డీని గేర్‌బాక్సుకి కలిపే చిన్న ఇనుప చెయ్యి ఒకటి మిగిలింది. ఎటు తిప్పి పెట్టినా కూర్చుంటోంది. దాని మీద బాణం, గేర్‌బాక్సు మీద బాణం. రెండూ కలిపితే అది కిందకి వేలాడుతుంది. విప్పేటప్పుడు మాత్రం పైకి నిక్కి ఉన్నట్టు జ్ఞాపకం.

"నాన్నా, ఇది పైకా, కిందకా?"

"ఎలా ఉంటే అలాగే పెట్టవే!"

"ఎలా ఉందో అదే కదా అడుగుతున్నా!"

పొద్దుట్నుంచి చెవిలో జోరీగలా పోరిన మనిషి ఉన్నట్టుండి వీధిలోకి చూడసాగాడు. ఏం చేస్తుంది, బాణాన్నే నమ్మింది.

కారుని స్టాండ్ల మీంచి దించాక ఆయన దర్జాగా ఎక్కి గేరు వేశాడు. కారు గభాల్న వెనక్కి గెంతి సబ్బునీళ్ల బకెట్టుని నుజ్జు చేసింది.

"చెడగొట్టావ్! చెప్తే వినవు!"

ఆమె తెల్లమొహం వేసింది. మళ్లీ కిందకి దూరి చూసింది. ఎక్కడివక్కడే ఉన్నాయి. లేచి కిటికీలోంచి గేరు పిడి చూసింది. అది రివర్సు గుర్తు వైపు ఉంది.

"నువ్వు వేసింది రివర్సు కదా నాన్నా?"

"ఎప్పుడూ అదే ఒకటో గేరు!" అనేసి ఆయన నాలిక కరుచుకున్నాడు.

"ఎప్పుడూ అంటే?"

"నువ్వు పసిదానివిగా ఉన్నప్పుడు గేర్‌బాక్సు నేనే దించి ఎక్కించాను. ఆ ఇనుప ముక్క తిరగేసి పెట్టానని, ఒకటికి రివర్సు, రివర్సుకి ఒకటి పడుతోందని తర్వాత తెలిసింది. మళ్లీ విప్పడానికి ఒళ్లొంగలేదు. నాకు అలాగే అలవాటైపోయింది."

"మరి నేను గేటు గుద్దిన రోజు?"

"చెప్దామనే అనుకున్నానే. అంతమంది ముందు నా తప్పని ఎలా చెప్పను?"

ఆమెకి ఒళ్లు మండింది. వెంటనే ఏడుపొచ్చింది. తనకి నిజంగా రానిదేదో, రాదని నమ్మినదేదో తేల్చుకోలేకపోయింది. ఒక్క బండేనా? ఆ మాట పట్టుకుని ఎన్నింటి నుంచి తప్పుకుందో.

"దాన్ని మళ్లీ ముందులా తిప్పేయవే. ఈ వయసులో నాకు కొత్తగా రాదు" అన్నాడాయన గొంతు తగ్గించి.

"నాకూ రాదనే అనుకున్నా నాన్నా. పక్కకి జరుగు."

స్టీరింగు ముందు కూర్చుని, పిడి మీది గుర్తు చూసి, క్లచ్ తొక్కి ఒకటో గేరు వేసింది. కారు ముందుకి కదిలింది. ఆయన పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని, కూతురు గేరు ఎటు తోస్తోందో చూస్తూ కూర్చున్నాడు.