జిగురుకు గడి లేదు

మా అక్క పదిహేడేళ్లు బూట్ల ఫ్యాక్టరీలో సోళ్లకు జిగురు పూసింది. నాది పక్క బల్లే. దుమ్ము పడి జిగురు చెడుతుందని సూపర్‌వైజరు కిటికీలకు మేకులు కొట్టించాడు. సాయంత్రానికి తల దిమ్మెక్కేది. ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే కంపు.

ఈ ఏడాది అక్క చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఒళ్లంతా కమిలిన మచ్చలు. పరీక్షలు చేసి రక్త క్యాన్సరన్నారు, ఆస్పత్రిలో చేర్చుకున్నారు.

చూడవచ్చిన వాళ్లు తలా ఒక కారణం మోసుకొచ్చారు. ఫోను తలకింద పెట్టుకుని పడుకుంటుందని అత్త, ఎవరి ఉసురో తగిలిందని పిన్ని. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు సూపర్‌వైజరు యాపిల్ పళ్లతో, ఒక ఫారంతో వచ్చాడు. ఆస్పత్రి వాసన పడదట, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు గానీ మీ ఆయన గానీ సిగరెట్లు తాగుతారామ్మా?"

"లేదండీ," అంది అక్క.

"మీవాళ్లలో ఎవరికైనా ఈ జబ్బుందా? ఎప్పుడైనా రేడియేషన్ పెట్టించుకున్నావా?"

"లేదు."

"అయితే కారణం తెలియదని రాస్తా. ఇక్కడ సంతకం పెట్టు."

"జిగురు సంగతి అడగరేం?" అన్నాను.

"ఫారంలో దానికి గడి లేదమ్మా."

అక్కను సంతకం పెట్టనివ్వలేదు.

డాక్టరమ్మను అడిగితే దాచకుండా చెప్పింది. "చాలామందిలో కారణం దొరకదు. వయసు, పొగ, రేడియేషన్, కొన్ని క్యాన్సర్ మందులు ముప్పు పెంచుతాయి. బెంజీనూ అంతే, కొన్ని జిగుర్లలో ఉంటుంది. మీ అక్కకు దానివల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. కాదని ఆయనా చెప్పలేడు. డబ్బా మీద ఏం రాసుందో చూడండి."

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లేసరికి జిగురు డబ్బాలన్నిటి మీదా కాగితాలు గీకేసి ఉన్నాయి. "ఏం వెతుకుతున్నావు?" అని సూపర్‌వైజరు నా భుజం మీద చెయ్యేశాడు. అతని గోళ్లలో కాగితం పీచు ఇరుక్కుని ఉంది. ఆ చెయ్యి తోసేశాను. ఒక డబ్బా చంకన పెట్టుకుని నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకు నడిచాను. పదకొండుమంది ఆడవాళ్లు బల్లలు వదిలి నా వెనకే వచ్చారు.

వాళ్ల పరీక్షలో ఆ జిగురులో బెంజీన్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువుందని తేలింది. కంపెనీ జిగురు మార్చింది. సూపర్‌వైజరును ఇంకో ఫ్యాక్టరీకి పంపింది, మేనేజరుగా.

నేను ఆ పని మానేశాను. లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నాను. అక్కకు రెండో విడత మందు పూర్తయింది. ఆశ ఉందంటుంది డాక్టరమ్మ. ఎంతుందో చెప్పదు.